వేదిక మీది తిట్టు ఎవరికి తగులుతోంది?

2021 అక్టోబరు 19న తెలుగుదేశం అధికార ప్రతినిధి ఒకరు నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డిని ఉద్దేశించి ఒక బూతుమాట వాడారు. ఆ రోజే మంగళగిరిలోని తెలుగుదేశం కేంద్ర కార్యాలయం మీద దాడి జరిగింది. సరిగ్గా నెల తిరిగేసరికి, నవంబరు 19న, నాటి ప్రతిపక్ష నేత చంద్రబాబు నాయుడు శాసనసభలో తన భార్యను అవమానించారంటూ సభను వదిలి వచ్చి విలేకరుల ఎదుట కంటతడి పెట్టారు. ముఖ్యమంత్రిగానే తిరిగి సభలో అడుగుపెడతానని శపథం చేశారు. ఈ రెండు ఘటనల తర్వాత తెలుగునాట రాజకీయ భాష గురించి చాలా చర్చ జరిగింది. విలువలు పడిపోయాయన్నారు, సంస్కారం మంటగలిసిందన్నారు, పాతతరం నాయకుల హుందాతనాన్ని తలచుకున్నారు. ప్రభుత్వం మారింది, సభలో కుర్చీలు మారాయి. భాష మాత్రం మారలేదు. తెలంగాణలోనూ పరిస్థితి వేరుగా లేదు. అక్కడ ఉద్యమకాలంలో మొదలైన దూషణ ఈనాడు పాలక, ప్రతిపక్షాలకు ఉమ్మడి ఆస్తి అయింది.

ఈ చర్చంతా తిట్టిన నాయకుడికీ, తిట్టు తిన్న నాయకుడికీ మధ్య జరిగే వ్యవహారంగానే సాగింది. ఇద్దరూ అధికారం, ధనం, అనుచరగణం ఉన్నవారే. తిట్టు తిన్నవాడు తిరిగి తిట్టగలడు, కేసు పెట్టించగలడు, ఎన్నికల్లో బదులు తీర్చుకోగలడు. మరి ఆ తిట్టులోని మాట ఎవరిది? ఎవరి పేరు, ఎవరి పుట్టుక, ఎవరి బతుకు ఆ మాటలో ఆయుధంగా మారింది? కులం గురించి ఆలోచించేవారు మొదట అడగవలసిన ప్రశ్న ఇదని నేననుకుంటున్నాను. నాయకులు బూతులు మానుకోవాలని కోరడానికి మర్యాద ఒక్కటే కారణమైతే నేనీ వ్యాసం రాయనక్కరలేదు. మన తిట్ల నిఘంటువును కులవ్యవస్థ రాసింది. నాయకుడు ఎవరిని తిట్టినా, ఆ దెబ్బ వేదిక మీద లేనివాడికి తగులుతుంది. నా వాదన అంతా ఇదే.

తెలుగులో తిట్లుగా చెలామణీ అయ్యే కులనామాలను చూడండి. తీగమీద నడిచి, గడ ఎక్కి, ప్రాణాలకు తెగించి ప్రజలకు వినోదం పంచినవారు దొమ్మరులు. వారి పేరు సిగ్గూ శరమూ లేనితనానికి పర్యాయపదమైంది. తెల్లవారుజామున చిన్న డమరుకం వాయిస్తూ ఇంటింటికీ తిరిగి జోస్యం చెప్పినవారు బుడబుక్కలవారు. వారి పేరు నిలకడలేని మాటలవాడికి ఎగతాళి అయింది. పిచ్చిగుంట్లవారి సంగతి మరీ విచిత్రం. భూమి ఉన్న వ్యవసాయ కులాల గోత్రాలనూ వంశచరిత్రలనూ తరతరాలుగా కంఠస్థం చేసి, ఊరూరా పాడి నిలబెట్టినవారు వారు. ఎవరి వంశగౌరవాన్ని వారు పాడారో, ఆ వంశాల వారసుల నోటనే వారి కులనామం తిట్టయింది. అందుకే వారు తమను వంశరాజ్‌లుగా పిలవమని అడిగి, వెనుకబడిన తరగతుల జాబితాలో ఆ పేరును కూడా చేర్పించుకున్నారు. ఇక అసహ్యం కలిగించే దేనినైనా ‘చండాలం’ అనేస్తాం. అది ఊరి వెలుపలికి నెట్టివేయబడిన మనుషుల పేరన్న స్పృహ కూడా ఆ మాట వాడేవారికి ఉండదు.

ప్రత్యర్థి పార్టీని ‘స్టువర్టుపురం దొంగల ముఠా’ అనడం మన నాయకులకు నోటికి అలవాటైన మరో మాట. స్టువర్టుపురం నేటి బాపట్ల జిల్లాలోని ఒక ఊరు. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించింది. ఆ చట్టం కింద ఎరుకల కుటుంబాలను తీసుకువచ్చి, సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో, హాజరు పట్టీల నడుమ ఉంచిన సెటిల్‌మెంటు అది. పుట్టుకతోనే మనిషిని నేరస్థుడిగా నమోదుచేసిన ఆ చట్టాన్ని స్వతంత్ర భారతం 1952లో రద్దు చేసింది. డెబ్బై ఏళ్లు దాటినా నాయకుడి ఉపన్యాసంలో మాత్రం అది రద్దు కాలేదు. కోట్ల రూపాయల కుంభకోణం గురించి మాట్లాడేటప్పుడు కూడా, ఆ కుంభకోణంతో ఏ సంబంధమూ లేని ఒక పేద ఊరి పేరే ఎందుకు నోటికి రావాలి? ఆ ఊరి పిల్లవాడు కళాశాలలో తన చిరునామా చెప్పడానికి వెనుకాడితే, అందుకు ఆ ఉపన్యాసాలు కూడా బాధ్యత వహించాలి.

తిట్లలో రెండో రకం పుట్టుకను ప్రశ్నించేది. తల్లిని, భార్యను, చెల్లెలిని మధ్యకు లాగేది. 2021లో రెండు సందర్భాల్లోనూ జరిగింది ఇదే. పోరాడుతున్నది ఇద్దరు పురుషులు, దెబ్బ తిన్నది వారి ఇళ్లలోని స్త్రీలు. దీన్ని స్త్రీల సమస్యగా మాత్రమే చూసి, కులంతో సంబంధం లేదనుకుంటే పొరపాటు. అంబేడ్కర్ 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో సమర్పించిన పత్రంలో, కులం నిలబడేది స్వకులవివాహం మీద అనీ, దాన్ని కాపాడటానికే సతి, నిర్బంధ వైధవ్యం, బాల్యవివాహం వంటి ఆచారాలు పుట్టాయనీ విశ్లేషించారు. స్త్రీ శరీరానికి కాపలా కాయడం ద్వారానే కులం తన సరిహద్దును కాపాడుకుంటుంది. ‘నీ పుట్టుక ఏమిటి’ అనే తిట్టు ఆ కాపలా తప్పిందని చెప్పే తిట్టు. భర్తను కోల్పోయిన స్త్రీని సూచించే మాట తెలుగులో అతి సాధారణమైన తిట్టుగా ఎందుకు మారిందో, దేవాలయాలకు అంకితం చేయబడిన స్త్రీల కులనామాలు ఎందుకు బూతులయ్యాయో ఈ కోణంలో చూస్తే తెలుస్తుంది. తల్లి శీలాన్ని తిడితే పరువు పోతుందని నమ్మేవాడూ, అలా తిట్టి పరువు తీశానని సంబరపడేవాడూ ఒకే విలువను ఒప్పుకుంటున్నారు. ఆ విలువ పేరు కులం.

మూడో రకం తిట్టు బూతులా వినిపించదు. అది ఒక్క అక్షరం. ‘రా’. తెలుగులో మనిషి అంతస్తును క్రియాపదం చివరనే తేల్చేయవచ్చు. ‘రండి’, ‘రా’, ‘రారా’ అనే మూడు పిలుపుల మధ్య ఊరికీ వాడకూ మధ్య ఉన్నంత దూరం ఉంది. డెబ్బై ఏళ్ల దళిత వృద్ధుడిని పదేళ్ల భూస్వామి కొడుకు ‘ఏరా’ అని పిలవడం, ఆ వృద్ధుడు ‘అయ్యా’ అని పలకడం మన పల్లెలు ఎరిగిన వ్యాకరణం. దాన్ని మార్చడానికి దళితులు తరాలపాటు పెనుగులాడారు. చదువుకుని, ఉద్యోగం సంపాదించి, ఊరు విడిచి వెళ్లడానికి ఎందరికో ఆ ఒక్క అక్షరమే కారణం. ఇప్పుడు ఒక మంత్రి సమీక్షా సమావేశంలో కెమెరాల ముందు కింది ఉద్యోగిని ‘ఏంరా, పని చేతకాదా’ అన్నాడనుకోండి. ఆ ఉద్యోగి ఏ కులంవాడైనా కావచ్చు. కానీ ఆ దృశ్యం చూసిన ఊరి పెద్దకు తన పాత వ్యాకరణానికి ప్రభుత్వ ముద్ర పడినట్టే అనిపిస్తుంది. సమానుల మధ్య ‘రా’ స్నేహం కావచ్చు. తిరిగి ‘రా’ అనలేనివాడి మీద అది అధికారం.

తెలుగునాట అణగారిన కులాల ఆత్మగౌరవ పోరాటం మాట దగ్గరే మొదలైందని గుర్తుచేయాలి. 1917లో బెజవాడలో జరిగిన మహాసభకు భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షత వహించారు. నిర్వాహకులు దాన్ని పంచమ మహాసభగా పిలిచారు. ‘పంచములు’ అనే మాటను ఆయన తోసిపుచ్చారు. ఆ సభ ఆది ఆంధ్ర మహాసభ అయింది. 1922లో ఎం.సి. రాజా చొరవతో మద్రాసు శాసనమండలి చేసిన తీర్మానం ఫలితంగా, ప్రభుత్వ పత్రాల్లో పాత అవమానకర నామాల స్థానంలో ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అనే పేర్లు వచ్చాయి. భూమి, ఓటు, ఉద్యోగం అడగడంతోపాటే ఆ తరం ‘మమ్మల్ని ఇలా పిలవవద్దు’ అని అడిగింది. ఆకలితో ఉన్నవారికి పేరుతో పనేమిటని అప్పుడూ వెక్కిరించినవారున్నారు. పేరే తిట్టయినచోట కూలి రేటు గురించి బేరమాడటానికి కూడా నోరు పెగలదని ఆ పెద్దలకు తెలుసు.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో పుట్టిన మాదిగ దండోరా మరో దారి తొక్కింది. పేరు మార్చుకోవడానికి బదులు, తిట్టుగా వాడిన పేరునే తమ పేర్ల చివర సగర్వంగా తగిలించుకుంది. రెడ్డి, చౌదరి, రావు, శర్మ అని చెప్పుకోవడానికి లేని సిగ్గు మాదిగ అని చెప్పుకోవడానికి ఎందుకని ప్రశ్నించింది. నా దృష్టిలో ఆధునిక తెలుగు భాషకు జరిగిన గొప్ప సంస్కరణల్లో అదొకటి. ఒక శతాబ్దంలో ఇన్ని ప్రయత్నాలతో కడిగిన మాటలను నాయకులు ఒక్క సాయంత్రపు సభలో మళ్లీ బురదలో ముంచుతున్నారు.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. దాన్ని పక్కన పెట్టి వెళ్లలేను. మర్యాద భాష ఎవరిది? శిష్టభాష పేరుతో శ్రమకులాల నోరు నొక్కింది అగ్రకులాలే కదా? ప్రజల నోట తిట్టు సహజం, నాయకుడు ప్రజల భాషలో మాట్లాడితే తప్పేమిటి? దిగంబర కవులు 1960లలో బూతుమాటలతోనే సమాజాన్ని కుదిపారు. దళిత సాహిత్యం కూడా మర్యాదల ముసుగు తీసేసి మాట్లాడింది. ఇప్పుడు మర్యాద పాఠాలు చెప్పడం మళ్లీ బ్రాహ్మణీయం కాదా?

ఈ ప్రశ్నలో సగం నిజం ఉంది. పొలంలో వంగి నాట్లేసే ఆడమనిషి మేస్త్రీని తిట్టే తిట్టుకూ, మేస్త్రీ ఆమెను తిట్టే తిట్టుకూ మాట ఒక్కటే కావచ్చు, బరువు ఒక్కటి కాదు. ఒకటి కింది నుంచి పైకి ఎగిరిన రాయి, రెండోది పై నుంచి కిందికి జారిన బండ. దిగంబర కవుల వెనుక పోలీసు యంత్రాంగం లేదు. దళిత కవి ఆగ్రహంతో పలికినప్పుడు ఎవరి ఇల్లూ కూలదు. మంత్రి, శాసనసభ్యుడు, పార్టీ అధ్యక్షుడు పలికే మాట వెనుక అధికారం ఉంది, అనుచరుల గుంపు ఉంది, పోలీసు స్టేషన్‌కు వెళ్లే ఫోను ఉంది. అణచివేతకు గురైనవాడి తిట్టును చూపించి అధికారంలో ఉన్నవాడు తన తిట్టుకు అనుమతి తెచ్చుకోవడం దొంగతనం.

తెలంగాణ యాస పేరు చెప్పి దూషణను సమర్థించడమూ ఇలాంటిదే. తెలంగాణ భాషను సినిమాల్లో రౌడీలకూ హాస్యగాళ్లకూ కేటాయించి అవమానించిన కాలం ఒకటుంది. ఆ అవమానం మీద పోరాడి యాసను తలెత్తుకునేలా చేసింది ఉద్యమం. యాసలోని చనువు వేరు, బూతు వేరు. బూతులు తిట్టి ‘మా యాస ఇంతే’ అనే నాయకుడు, ఆ యాసను మోటుదని వెక్కిరించినవారి మాటనే నిజం చేస్తున్నాడు. తెలంగాణ అమ్మలు బిడ్డలతో మాట్లాడే భాషకు అంతకంటే పెద్ద అవమానం లేదు.

బూతు లేకుండా పదునుగా మాట్లాడటం కుదరదనేవారు అంబేడ్కర్‌ను చదవాలి. 1936 నాటి ‘కులనిర్మూలన’ గానీ, కాంగ్రెస్, గాంధీలు అంటరానివారికి చేసినదేమిటని నిలదీస్తూ 1945లో తెచ్చిన గ్రంథం గానీ తీసుకోండి. ఈ దేశంలో అంతకంటే కఠినమైన రాజకీయ విమర్శ అరుదు. ప్రత్యర్థి వాదాన్ని ముక్కలు ముక్కలు చేశారు. ఆయన ప్రత్యర్థులు ఈనాటికీ ఆ పుస్తకాలకు సమాధానం వెతుక్కుంటూనే ఉన్నారు. బడిలో నీళ్ల కుండ ముట్టుకోనివ్వని సమాజం మీద నోరు పారేసుకునే హక్కు ఎవరికైనా ఉంటే ఆయనకే ఉండాలి. ఆయన దాన్ని వాడుకోలేదు. వాదం ఉన్నవాడికి బూతు అవసరం రాదు.

చట్టం ఉంది కదా అంటారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. 2015 సవరణ తర్వాత దాని సెక్షన్ 3(1)లోని ‘ఆర్’, ‘ఎస్’ ఉపనిబంధనలు బహిరంగంగా అవమానించడాన్నీ, కులం పేరుతో దూషించడాన్నీ నేరాలుగా పేర్కొంటున్నాయి. కులనామమే తిట్టుగా వాడినప్పుడు అది అవమానించే ఉద్దేశంతో అన్నదే కావచ్చని సుప్రీంకోర్టు 2008లో స్వరణ్ సింగ్ కేసులో గుర్తించింది. అయితే ఈ రక్షణ ఎంతవరకు? ఈ ఉపనిబంధనల కింద బాధితుడు ఎస్సీ లేదా ఎస్టీ అయి ఉండాలి. ఒక అగ్రకుల నాయకుడు మరో అగ్రకుల నాయకుడిని ఒక దళిత కులం పేరుతో తిట్టాడనుకోండి. తిట్టు తిన్నవాడు ఎస్సీ కాదు గనుక ఇవి వర్తించవు. ఎస్సీ, ఎస్టీల మీద ద్వేషాన్ని రెచ్చగొట్టే మాటలకు ‘యు’ అనే మరో ఉపనిబంధన ఉన్నా, అలవాటుగా దొర్లిన తిట్టును దాని కింద నిరూపించడం సులభం కాదు. దొమ్మరులు, బుడబుక్కలవారు, వంశరాజ్‌లు వెనుకబడిన తరగతుల జాబితాలో ఉన్నారు. వారికి ఈ చట్టం నీడ కూడా లేదు. తెలుగులో ఎక్కువగా తిట్లుగా మారిన పేర్లు ఎవరివో వారికే రక్షణ లేదు.

శాసనసభలో అన్న మాటకైతే కోర్టుకే దారి లేదు. రాజ్యాంగంలోని 194వ అధికరణం సభలో మాట్లాడిన మాటలకు సభ్యుడికి న్యాయవిచారణ నుంచి రక్షణ ఇచ్చింది. ప్రభుత్వాన్ని నిర్భయంగా నిలదీయడానికి ఇచ్చిన రక్షణ అది. దాన్ని ఇంటి ఆడవాళ్లను తిట్టడానికి వాడుకుంటున్నారు. స్పీకర్ రికార్డుల నుంచి మాటను తొలగిస్తారు. ప్రత్యక్ష ప్రసారాల కాలంలో ఆ తొలగింపుకు అర్థం ఎంత? రికార్డులో లేని మాట రాష్ట్రంలోని ప్రతి ఫోనులోనూ ఉంటుంది. మంత్రుల మాటల మీద అదనపు ఆంక్షలు విధించవచ్చా అనే ప్రశ్న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ముందుకు కూడా వచ్చింది. 2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో మెజారిటీ న్యాయమూర్తులు, 19(2) అధికరణంలో ఉన్నవాటికి మించి కొత్త ఆంక్షలు చేర్చలేమన్నారు. అది సరైన తీర్పనే నా అభిప్రాయం. మాట్లాడే స్వేచ్ఛకు కోర్టులు కొత్త సంకెళ్లు తయారుచేస్తే అవి మొదట పడేది పేదవాడి నోటికే. కానీ చట్టం ఆగినచోట నాయకుడి బాధ్యత మొదలవుతుంది.

‘మాటే కదా’ అని తేలిగ్గా తీసుకునేవారు మన చరిత్రను మరచినట్టే. కారంచేడులో దళితులు తాగే నీటిని మురికి చేయవద్దన్నందుకు గొడవ మొదలైంది. 1985 జూలై 17న ఆరుగురిని చంపారు. చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిందనే తగాదా పెరిగి పెద్దదైంది. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపారు. నీళ్లు, కాలు సాకులు. ‘వీడు మనకు ఎదురు చెప్పడమేమిటి’ అనే అహంకారమే అసలు కారణం. ఆ అహంకారం ఊళ్లలో ఇంకా చావలేదు. చట్టానికి భయపడి, చదువుకున్న దళిత యువకులను చూసి కాస్త నోరు అదుపులో పెట్టుకుంది, అంతే. రాష్ట్రాన్ని ఏలేవారే వేదిక మీద నోరు విప్పి తిడుతుంటే, ఊళ్లోని పెత్తందారు తానెందుకు తగ్గాలి? అనుచరులు నాయకుడి పథకాలకంటే ముందు అతని భాషను నేర్చుకుంటారు.

ఇక్కడ ఒక విషాదం ఉంది. తెలుగుదేశం 1982లో పుట్టింది ఆత్మగౌరవ నినాదంతో. తెలంగాణ ఉద్యమం నడిచింది ఆత్మగౌరవం పేరుతో. రెండు రాష్ట్రాల రాజకీయాలకూ మూలధనం ఆ మాటే. ఢిల్లీ ముందు, పక్క ప్రాంతం ముందు తలవంచబోమన్న నాయకులకు, తమ కింద నిలబడిన మనిషికీ తలెత్తుకునే హక్కు ఉంటుందని తోచలేదు.

చేయవలసిన పనులు అసాధ్యమైనవి కావు. బూతులు మాట్లాడేవారికి పార్టీలు పదవులు, టికెట్లు ఇవ్వడం మానాలి. ఈనాడు బాగా తిట్టగలగడమే అధికార ప్రతినిధి పదవికి అర్హతగా మారింది. ప్రత్యర్థిని తిట్టినప్పుడు వెనుక కూర్చున్న పెద్ద నాయకుడు నవ్వడం మానాలి, ఆ నవ్వే అసలు అనుమతి. క్షమాపణ చెప్పవలసి వచ్చినప్పుడు తిట్టు తిన్న నాయకుడికి మాత్రమే కాక, ఏ కులం పేరు, ఏ ఊరి పేరు తిట్టుగా వాడారో వారికి కూడా క్షమాపణ చెప్పాలి. సభాపతులు తొలగించిన మాటల్లో కులనామాలు ఉన్నప్పుడు వాటిని సభా హక్కుల ఉల్లంఘనగా పరిగణించి చర్య తీసుకోవాలి. తమ కులనామం మార్చమని సంచార కులాలు పెట్టుకున్న విన్నపాలను ప్రభుత్వాలు త్వరగా పరిష్కరించాలి. అయితే నోళ్లు మారకుండా పేర్లు మాత్రమే మారిస్తే, కొన్నాళ్లకు కొత్త పేరు కూడా తిట్టవుతుంది.

దళిత, బహుజన నాయకులకు ఒక మాట విడిగా చెప్పాలి. పెద్ద పార్టీల్లో చేరిన మనవారిలో కొందరిని ఆ పార్టీలు ఎదుటి పక్షంలోని మనవారిని తిట్టించడానికి వాడుకుంటున్నాయి. ఒక దళితుడి మీదికి మరో దళితుడిని ఉసిగొల్పితే చట్టం అడ్డు రాదని వారికి తెలుసు. ఆ పని ఒప్పుకుంటే పదవి దక్కవచ్చు. 1917లో బెజవాడ సభలో ఒక మాటను వద్దన్న పెద్దల వారసత్వం మాత్రం దక్కదు. ఈసారి పార్టీ కార్యాలయం నుంచి తిట్టే పని వచ్చినప్పుడు మన నాయకులు చెప్పవలసిన జవాబు ఒక్కటే: విమర్శ ఇవ్వండి చేస్తాం, తిట్టు మాత్రం మా నోట రాదు.